నాపరాళ్ల నేలకు తగ్గ క్లారినెర్వియం

ఆరాయిడ్ మొక్కలు, అంటే చేమ, మనీప్లాంట్ కుటుంబం మొక్కలు, రాయలసీమలో బతకవని చాలామంది ముందే తీర్మానం చేసేసుకుంటారు. అవి కేరళ వాళ్లకు, బెంగళూరు వాళ్లకు, మహా అయితే కడియం నర్సరీల చుట్టుపక్కల వాళ్లకు కుదిరే సరదా అనీ, కర్నూలు ఎండకు మనీప్లాంట్ నిలబడితే అదే పదివేలు అనీ అంటారు. నేను ఒప్పుకోను. మనది ఎండల ఊరే, కాదనను, కానీ ఆరాయిడ్లన్నీ ఒకే రకం అడవిలోంచి రాలేదు కదా, మన ఊరికి తగ్గది ఏదో చూసి తెచ్చుకుంటే సగం పని అక్కడే అయిపోతుంది. నాకు తెలిసినంతలో మనకు తగ్గది ఆంథూరియం క్లారినెర్వియం. నా దగ్గర రెండున్నాయి. ఒకటి కర్నూలు బి.క్యాంపులో మా ఇంట్లో, ఇంకోటి బేతంచెర్ల దగ్గర పల్లెలో మా అవ్వ వాళ్ల మట్టిమిద్దెలో.

చూడనివాళ్ల కోసం చెప్తాను. గుండె ఆకారపు ఆకు, ముదురు ఆకుపచ్చ, దాని మీద తెల్లటి ఈనెలు వల అల్లినట్టు స్పష్టంగా ఉంటాయి. ముదిరిన ఆకు పట్టుకుంటే శుభలేఖ అట్టలా గట్టిగా తగులుతుంది, పైన మాత్రం ముఖమల్ మెరుపు. ఆ మెరుపు ఎక్కడిదో తెలియాలంటే ఫోనుకు మాక్రో లెన్స్ పెట్టి ఆకును దగ్గరగా చూడండి. ఆకు పైచర్మంలో ఒక్కో కణం చిన్న గుబ్బగా పైకి లేచి ఉంటుంది, లక్షల గుబ్బలు పక్కపక్కనే, ప్రతిదాని మీదా ఒక వెలుగు చుక్క. పెద్ద చెట్ల కింద దొరికే కాస్త వెలుతురును ఏ మూల నుంచి వచ్చినా లోపలికి మళ్లించుకోవడానికి ఆ ఏర్పాటు. అందుకే ఈ ఆకును గుడ్డతో రుద్ది తుడవకూడదు, నూనెలు, లీఫ్ షైన్ లాంటివి అసలు పూయకూడదు.

మా అవ్వ మొదటిసారి చూసినప్పుడు "ఏం నాయనా, చేమాకుకు ఇంత లెక్క పెట్టినావా?" అంది. అవ్వ చెప్పింది దగ్గర దగ్గర నిజమే. చేమ, కంద, మనీప్లాంట్, చెరువులో తేలే అంతరతామర, ఈ ఆంథూరియం అన్నీ ఒకే కుటుంబం. కంద తరిగితే చేయి దురద పెట్టడానికి కారణమైన కాల్షియం ఆక్సలేట్ సూదులు దీంట్లోనూ ఉంటాయి, కాబట్టి పసిపిల్లలున్న ఇంట్లో, ఆకులు కొరికే పిల్లులున్న ఇంట్లో అందనంత ఎత్తులో పెట్టుకోవాలి. ఒక్క ఆంథూరియం ప్రజాతిలోనే వెయ్యికి పైగా జాతులున్నాయి. బొకేల్లో పెట్టే ఎర్రటి పూల ఆంథూరియం వాటిలో ఒకటి, అందరికీ తెలిసింది అదొక్కటే.

ఇక అసలు విషయం. క్లారినెర్వియం సొంత ఊరు దక్షిణ మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రం. దీన్ని వర్ణించి పేరు పెట్టినాయన ఈజీ మాతుదా, జపాన్‌లో పుట్టి మెక్సికోలో స్థిరపడిన వృక్షశాస్త్రవేత్త. అక్కడ ఇది సున్నపురాయి గుట్టల మీద, రాళ్ల సందుల్లో పోగుపడిన ఆకుచెత్తలో వేళ్లు దించుకుని బతుకుతుంది. చియాపాస్‌లో వానలు దండిగా కురిసే కాలం ఉంది, ఆ తర్వాత నెలల తరబడి వాన ముఖం చూడని కాలమూ ఉంది. రాతి సందులో నీళ్లు నిలవవు, కురిసినంతసేపు తడిపి జారిపోతాయి. అందుకే దళసరి ఆకు, లావు వేళ్లు, వేళ్ల చుట్టూ నీళ్లు పీల్చి దాచుకునే తెల్లటి పొర. కొలంబియా తడి అడవుల్లోంచి వచ్చిన వారొక్వియానం, వీచీ లాంటి ఆంథూరియంలకు ఈ ఓర్పు లేదు. ఫొటోల్లో పొడుగాటి ఆకులు వేలాడుతుంటే మనసు లాగుతుంది, నిజమే, కానీ అవి మన దగ్గర ఏడాదంతా గాజు క్యాబినెట్లోనే ఉండాల్సిన మొక్కలు. క్లారినెర్వియం అలా కాదు, కాస్త చూసుకుంటే గదిలో మనతో పాటే ఉంటుంది.

సున్నపురాయి అనగానే మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, ఆ వైపంతా అదే రాయి. 3,229 మీటర్ల పొడవున్న బెలుం గుహలు ఆ రాయిని నీళ్లు కరిగించుకుంటూ పోతే ఏర్పడ్డవే. మన ఇళ్లలో తొక్కే నాపరాయి, వంటింట్లో అరలకు వేసే కడప బండ, అన్నీ ఆ జాతివే. క్లారినెర్వియం గురించి చదువుతూ సున్నపురాయి అనే మాట దగ్గర ఆగిపోయి, ఇది మన దగ్గర ఎందుకు పెరగదు అని నేను అనుకున్నది అందుకే. అలాగని మొక్కను తీసుకుపోయి బండల మీద ఎండలో పెట్టమని కాదు. ఆ మొక్క ఒంటి తీరు రాళ్లకు, ఎండుకాలానికి అలవాటు పడింది అని, దాన్ని అలాగే పెంచాలి అని.

కుండీ నింపడం దగ్గరే తొంభై శాతం మొక్కలు పోతాయని నా నమ్మకం. ఎర్రమట్టి, పేడ ఎరువు, కోకోపీట్ కలిపి మందారానికి నింపినట్టు నింపితే వేళ్లకు ఊపిరాడదు, నెల తిరిగేలోపు గోధుమ రంగుకు తిరిగి కుళ్లుతాయి. దీనికి మట్టే అక్కర్లేదు. నేను వాడేది కొబ్బరి డొక్కను పీచుతో సహా కోసిన ముక్కలు, బొగ్గు ముక్కలు, పాత పెంకుల ముక్కలు, పెర్లైట్ అనే తేలికైన తెల్ల రాతి గుళికలు, కాస్త పైన్ చెట్టు బెరడు, అన్నీ గోలీకాయ సైజులో. కొబ్బరి ముక్కలను మాత్రం రెండు మూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి ఆ ఎర్రనీళ్లు పారబోయాలి, వాటిలో ఉప్పు ఉంటుంది. వాటికి తోడు బేతంచెర్లలో పాలిష్ బండలు కోసే చోట పడి ఉండే చిన్న రాతి చిప్పలు కడిగి గుప్పెడు కలుపుతాను. అవి అందం కోసం కాదు, ఎందుకో నీళ్ల గురించి చెప్పేటప్పుడు చెప్తాను. నీళ్లు పోయగానే అడుగు నుంచి బయటికి వచ్చేయాలి, ఒక్క నిమిషం కూడా పైన నిలవకూడదు. కుండీ పారదర్శకంగా ఉంటే ఇంకా మేలు. వేళ్లు వెండిరంగులోకి తిరిగితే దాహం వేసినట్టు, పచ్చగా ఉంటే ఇంకా తడి ఉన్నట్టు. వేలు పెట్టి చూసే పని లేదు.

ఇక నీళ్లు. ఇక్కడ మాత్రం ఓపిగ్గా వినాలి, ఎందుకంటే సున్నపురాయి మొక్క కాబట్టి బోరునీళ్లు పోసినా పర్లేదని చెప్పేవాళ్లు ఉన్నారు, ఆ సలహా మన ఊళ్లో పనికిరాదు. చియాపాస్ రాళ్ల మీద పడేది వాన నీరు. ఆ రాయిని తాకుతూ పోయేటప్పుడు కాస్త కాల్షియం తీసుకుంటుంది, అంతే. మన బోరునీళ్లలో కాల్షియంతో పాటు సోడియం, క్లోరైడ్, బైకార్బొనేట్లు, కొన్ని ఊళ్లలో ఫ్లోరైడ్ కూడా. తాగేనీటికి టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిదని మన ప్రమాణాలు చెప్తాయి, మా వీధి బోరునీళ్లలో మీటరు ముంచితే వెయ్యి పైనే చూపిస్తుంది. ఆ నీళ్లు పోస్తూ పోతే నీరు ఆవిరై ఉప్పు మాత్రం కుండీలోనే పేరుకుంటుంది, అప్పుడు ఆకు కొన నుంచి గోధుమ రంగు మొదలై అంచుల వెంట లోపలికి పాకుతుంది. ఒకసారి ఎండిన కొన మళ్లీ పచ్చబడదు, ఏళ్లపాటు ఉండే ఆకు కాబట్టి ఆ మచ్చను ఏళ్లపాటు చూస్తూ ఉండాల్సిందే.

కుళాయిలో వచ్చే తుంగభద్ర నీళ్లు బోరు కన్నా చాలా నయం, ఒక రాత్రి బకెట్లో ఉంచి పోయొచ్చు. వానాకాలంలో మిద్దె మీద డ్రమ్ము పెట్టి పట్టుకున్న నీళ్లకు సాటి లేదు. ఎండాకాలంలో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు ఉన్నాయే, చాలామంది వీధిలోకి వదిలేస్తారు, అవి గాలిలో తేమ చల్లబడి వచ్చిన నీళ్లు, ఉప్పు దాదాపు లేనట్టే. మొక్కకు మంచినీళ్లు ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే అవి ఊరికే దొరుకుతున్నాయి. కానీ ఆ నీళ్లలోనూ, ఆర్ఓ నీళ్లలోనూ కాల్షియం, మెగ్నీషియం కూడా ఉండవు. అవి లేకపోతే కొత్త ఆకు వంకరగా, చిల్లులతో విచ్చుకుంటుంది. బేతంచెర్ల రాతి చిప్పలు కలపమన్నది ఇందుకే, మెల్లగా కరుగుతూ కాల్షియం ఇస్తాయి, సోడియం గొడవ లేదు. మెగ్నీషియం కోసం ఎప్పుడన్నా చిటికెడు ఎప్సమ్ సాల్ట్. ఎరువుకు, నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 చాలు, ఎరువుల కొట్లో రైతులు కొనేదే, లీటరుకు పావు గ్రాము, అది కూడా మొక్క కొత్త ఆకు మీద ఉన్నప్పుడే. మిగతా రోజుల్లో ఉత్త నీళ్లు.

గాలి సంగతి వేరే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో 42 దాటడం మామూలే, మధ్యాహ్నం గాలిలో తేమ ఇరవై ముప్పై శాతానికి పడిపోతుంది. 40 డిగ్రీల దగ్గర 30 శాతం తేమ ఉన్న గాలి ఆకు నుంచి నీళ్లు లాగే బలం, 30 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి కంటే మూడు రెట్లు ఎక్కువ. అంటే తేమ ఒక్కటే పెంచితే చాలదు, వేడి తగ్గాలి. స్ప్రేయర్ పట్టుకుని ఆకుల మీద నీళ్లు చిమ్మడం వల్ల ఏమీ ఒరగదు, అయిదు నిమిషాల్లో ఆరిపోతాయి, పైగా బోరునీళ్లయితే తెల్ల మచ్చలు మిగులుతాయి. కుండీ కింద గులకరాళ్ల పళ్లెం పెట్టి నీళ్లు పోయడం కూడా చూడ్డానికి బాగుంటుంది, అంతకుమించి పెద్దగా ఉపయోగం లేదు. అల్ట్రాసోనిక్ హ్యుమిడిఫయర్ కొంటే అందులో ఉప్పులేని నీళ్లే పోయాలి, లేదంటే నీళ్లలోని ఉప్పంతా తెల్ల పొడిగా గదిలో వాలుతుంది, ముఖమల్ ఆకు మీద పడ్డ ఆ పొడి తుడిస్తే పోదు.

మన దగ్గర పనిచేసేది కూలర్. మామూలు గడ్డి కూలర్. గాలి పొడిగా ఉంటేనే కూలర్ బాగా చల్లబరుస్తుంది, విజయవాడలో, నెల్లూరులో ఉక్కపోతకు అది చేతులెత్తేస్తుంది గానీ కర్నూలు పొడి వేడికి దాన్ని మించింది లేదు. ఒకే దెబ్బకు గది వేడి ఏడెనిమిది డిగ్రీలు తగ్గుతుంది, తేమ రెట్టింపు అవుతుంది, ఆరాయిడ్‌కు కావాల్సిన రెండూ అవే. నీళ్లలోని ఉప్పు గడ్డికే అంటుకుని ఉండిపోతుంది కాబట్టి ఆకుల మీద పొడి పడదు, ఇక్కడ మాత్రం బోరునీళ్లు నిశ్చింతగా వాడొచ్చు. మొక్క కూలరుకు ఎదురుగా కాకుండా పక్కకు ఉండాలి, కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి. ఏసీ గదిలో పెడితే వేడి తగ్గుతుంది గానీ తేమనూ లాగేస్తుంది, కొత్త ఆకు విచ్చుకునే రోజుల్లో అది మంచిది కాదు.

కొత్త ఆకు అంటే గుర్తొచ్చింది, ఈ మొక్కలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. చుట్టుకుని బయటికి వచ్చినప్పుడు రాగి రంగులో, పలచగా, వేలాడుతూ ఉంటుంది, ఈనెలు అప్పుడే లేతగా కనబడుతుంటాయి. రోజూ పొద్దున్నే చూస్తే అంచులు కాస్త విప్పారి, రాగి రంగులోకి లేత పచ్చ దిగుతూ, ఈనెలు తెల్లబడుతూ, చివరికి కొన్ని వారాలకు ఆ అట్ట గట్టిదనం వస్తుంది. ఆ మెత్తటి రోజుల్లో వేలితో తాకినా గీత పడుతుంది, గాలి మరీ పొడిగా ఉంటే మడత విడిపోకుండా ఇరుక్కుని చిరుగుతుంది. ఏడాదికి నాలుగైదు ఆకులు వేసిందంటే బాగా పెరుగుతున్నట్టే. తొందరపడేవాళ్లు దీన్ని తెచ్చుకోవద్దని నేను మొహమాటం లేకుండా చెప్తాను.

పగటి వేడి కంటే నన్ను భయపెట్టేది రాత్రి. టౌన్లో కాంక్రీట్ స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది, మే నెలలో పై అంతస్తులో తెల్లవారుజామున కూడా చల్లబడదు. మొక్క రాత్రిపూట కోలుకోవాలి, అది జరక్కపోతే నీళ్లు, ఎరువులు ఎన్ని పోసినా అడుగు ఆకులు పసుపు తిరిగి రాలతాయి. అందుకే పై అంతస్తు వద్దు, కింది ఇల్లు, ఉత్తరం వైపు గది, వీలైతే నాపరాయి పరిచిన నేల. అవ్వ వాళ్ల మట్టిమిద్దెలో మొక్కకు కూలర్ లేదు, తేమ కొలిచే హైగ్రోమీటర్ లేదు. మందం గోడలు, పైన జానెడు మట్టి, కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి లోంచి నిటారుగా దిగే వెలుతురు, సాయంత్రం బండల మీద చల్లే నీళ్లు, అంతే. నిజం చెప్పాలంటే టౌన్లో నా మొక్క కంటే అదే నిగనిగలాడుతుంది. అవ్వ దానికి అతిగా నీళ్లు పోయదు, "ఆరినంక పోస్తా, దానికి ఊకె తాపితే కుళ్లదా" అంటుంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

వెలుతురు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నేరుగా ఎండ పడకూడదు, పుస్తకం హాయిగా చదువుకోగలిగినంత వెలుగు ఉండాలి, తూర్పు కిటికీ అయితే పరదా వేయండి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఒకప్పుడు వేలు పోస్తేగానీ దొరకని ఈ మొక్క టిష్యూ కల్చర్ (ల్యాబులో సీసాల్లో మొక్కలు పెంచే పద్ధతి) పుణ్యమా అని ఇప్పుడు చిన్న సైజులో వందల్లో వస్తోంది. మంచిదే, అడవిలో మొక్కలు పెరికే అవసరం తగ్గుతుంది, అమ్మేవాళ్లను ఎక్కడిదో అడిగే కొనండి. కానీ సీసాలో పుట్టిన మొక్క ఆకుకు మైనపు పొర సరిగా ఉండదు, దాని ఆకురంధ్రాలు మూసుకోవడం నేర్చుకోలేదు, పార్సిల్ విప్పి కర్నూలు గాలిలో పెడితే సాయంత్రానికి వాడిపోతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వేసి, కొన్ని వారాల పాటు మూత కొంచెం కొంచెంగా తెరుస్తూ అలవాటు చేయాలి. తెప్పించడం కూడా జూలై తర్వాతే, నాలుగు వానలు పడ్డాక. ఏప్రిల్లో తెప్పిస్తే లారీలోనే ఉడికిపోతుంది.

పురుగుల్లో రెండింటిని గమనించాలి. ఎండాకాలంలో ఎర్రనల్లి, ఆకు అడుగున సన్నటి దుమ్ములా కనబడుతుంది, తడి గుడ్డతో అడుగువైపు మాత్రం మెల్లగా తుడవాలి. రెండోది తామర పురుగు. 2021లో మిరప తోటలను నాశనం చేసిన నల్ల తామర పురుగు ఆంథూరియంలకూ పడుతుంది, లేత ఆకు మీద వెండి గీతలు కనిపిస్తే అనుమానించండి. మిరప చేల పక్క ఊళ్లలో ఉండేవాళ్లు కొత్త ఆకు వచ్చిన ప్రతిసారీ టార్చి వేసి చూడటం మంచిది. వేపనూనె ముఖమల్ ఆకుల మీద మచ్చ చేస్తుంది, నేను వాడను. ఇంకోమాట, ఒక మొక్క కోసిన కత్తెరతో ఇంకో మొక్క కోసేముందు స్పిరిట్‌తో తుడవండి. 1980లలో హవాయిలో ఆంథూరియం తోటలను తుడిచిపెట్టిన బాక్టీరియా తెగులు ఆకు అంచుల్లో తెల్లవారుజామున కనిపించే నీటిబొట్ల గుండా, కోసిన గాయాల గుండా లోపలికి పోతుంది, దానికి మందు లేదు.

ఇక పూత. పువ్వు చూడ్డానికి ఏమీ ఉండదు, సన్నటి కంకి, వెనక చిన్న ఆకుపచ్చ రేకు. చాలామంది మొక్క బలం పోతుందని కోసేస్తారు, నేను ఉంచుతాను. ఈ కంకి ముందు ఆడదశలో ఉంటుంది, దాని నిండా సూదిమొన అంత బంక బొట్లు మెరుస్తాయి, అవి ఆరిపోయిన కొన్నాళ్లకు గానీ పుప్పొడి రాదు. అంటే తన పుప్పొడి తనకు అందదు. పుప్పొడి రాలే రోజుల్లో మెత్తటి బ్రష్‌తో అల్యూమినియం ఫాయిల్ మీదకు దులిపి, సిలికా జెల్ వేసిన చిన్న డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో దాచాలి. ఇంకో మొక్క కంకి మీద బంక బొట్లు కనబడ్డప్పుడు అదే బ్రష్‌తో అద్దాలి. కుదిరితే నెలల తర్వాత కంకిలోంచి నారింజరంగు పండ్లు ఉబికి వస్తాయి. గుజ్జు కడిగేసి గింజలు వెంటనే తడి నాచు (మోస్) మీద చల్లాలి, ఆరబెట్టి దాస్తే మొలవవు.

నా రెండు మొక్కలూ ఒకే చోట కొన్నవి, టిష్యూ కల్చర్‌వి, రెండూ ఒకే తల్లి నకళ్లు అయ్యుండొచ్చు. అందుకే వేరే చోట నుంచి తెచ్చిన మొక్కతో కలపాలని నా ఆశ. కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం ఎక్కడైనా సరే, మీ ఇంట్లో క్లారినెర్వియం ఉండి కంకి మీద బొట్లు మెరుస్తుంటే ఆ రోజే చెప్పండి. పుప్పొడి ఫ్రీజర్లో సిద్ధంగా ఉంది, ఐస్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి నేనే వస్తాను. కాయలైతే గింజలు సగం సగం.